పన్నెండు ఓల్టుల కంచె

మా ముత్తాతగారు గ్రామ మునసబు. ఆయన కొడుకు, అంటే మా తాతగారు, తాలూకా బోర్డులో మెంబరు. ఆయన గిత్తలు పందెంలో బండ లాగడానికి దిగితే చుట్టుపక్కల ఊళ్లలో ఆ పూట పనులు ఆగేవి. మా అరుగు మీద కూర్చోదగినవాళ్లెవరో, కింద నిలబడాల్సినవాళ్లెవరో ఊరంతటికీ తెలుసు. ఊరికి కరెంటు రాకముందే మా ఇంట్లో రేడియో ఉండేది. కారు బ్యాటరీ మీద పాడేది. దాని లోపల ఒక రేకు డబ్బా తేనెటీగలా రొద చేసేది. బ్యాటరీలోని ఆరు ఓల్టులను రేడియోకు కావలసిన వందల ఓల్టులకు ఎక్కించేది ఆ డబ్బాయేనని నాకు పదేళ్లు నిండాక తెలిసింది. నా వృత్తికి మూలం అదే.

ఇదంతా ముందే ఎందుకు చెప్తున్నానంటే, గొప్ప కోసమే. కాదని బొంకను. మా నాన్నగారి హయాంలో ఆస్తిలో కొంత పత్తికి పట్టిన తెల్లదోమ తిన్నది, కొంత పొగాకు కాల్చే బ్యారన్లు తిన్నాయి, మిగతాది దాయాదుల కోర్టు వ్యాజ్యాలు తిన్నాయి. నా దాకా వచ్చింది ఇల్లు, ఇంటిపేరు, నిటారుగా కూర్చునే అలవాటు. డిప్లొమా సగంలో ఆపి ఒంగోలులో పనికి కుదిరాను.

గ్రానైటు కోసే షెడ్ల వెనక ఒక రేకుల షెడ్డు. పగలంతా రాయి కోసే మోత, బల్లల మీద తెల్లటి దుమ్ము. కరెంటు పోయినప్పుడు కొట్లలో వెలిగే ఎమర్జెన్సీ లైట్లు చేసేవాళ్లం. పన్నెండు ఓల్టుల బ్యాటరీతో ట్యూబులైటు వెలిగించాలి. మా ఓనరుగారు ఒకప్పటి రేడియో మెకానిక్కు. పనివాళ్లలో సర్క్యూటుకు నేను, కాయిల్ చుట్టడానికి ఒకావిడ. వయసులో నాకు అటూఇటుగా ఉండేది. ఊరి చివర చర్చి పక్కనున్న పాలెం నుంచి నడిచి వచ్చేది. మొదటి రోజు ఆవిడ పక్కన ఖాళీ స్టూలు కనిపిస్తే, "ఆ స్టూలు ఇటివ్వు" అన్నాను.

"కాళ్లున్నాయిగా. వచ్చి తీసుకో" అంది, మర తిప్పడం ఆపకుండా.

నాతో అలా మాట్లాడిన మనిషి అంతవరకూ లేదు. నా మొహం చూసి ఓనరుగారు గబగబా వచ్చారు.

"ఆవిడతో పెట్టుకోకండి సార్. ఆవిడ అలిగిందంటే మనకు కాయిలూ లేదు, లైటూ లేదు."

మా వంశం సంగతి ఓనరుగారి ద్వారా ఆవిడకు వారంలోపే తెలిసింది. ఆ రోజు నుంచి నేను ఆవిడకు మునసబుగారిని. "మునసబుగారూ, సోల్డరింగు పొగ తమరికి పడుతుందా? విసనకర్ర పట్టించమంటారా?" అనేది. పని మీద ఉంటే మాత్రం మళ్లీ "నువ్వు"లోకి దిగేది. నాకు రోషం వచ్చేది. ఆదివారం సెలవు రోజున ఆ మాట వినపడకపోతే ఏదో వెలితిగా ఉండేది. ఆ వెలితేమిటో అప్పట్లో నేను తరచి చూడలేదు.

ఆవిడ పని తీరు గురించి మీకు చెప్పాలి. చుట్టే మరకు చుట్లు లెక్కపెట్టే మీటరు ఉండేదిగానీ అది ఎప్పుడో చెడిపోయింది. ఆవిడ లెక్క పాటతో. చర్చిలో పాడే కీర్తన ఎత్తుకునేది, తాళానికి సరిగ్గా మర తిప్పేది. కీర్తన పల్లవితో మొదలై పల్లవితో ముగిసేసరికి కాయిల్ మీద ఒక వరస నిండేది. వరస మీద పలచటి కాగితం చుట్టి, మళ్లీ పాట. ఏ కాయిలుకు ఏ పాటో, ఎన్నిసార్లో ఆవిడకే తెలుసు. మధ్యలో ఎవరైనా పలకరిస్తే పాడుతూనే చేత్తో ఆగమనేది. మా షెడ్డులో ఓనరుగారు కూడా పాట అయ్యేదాకా నిలబడేవారు.

మీలో ఈ చదువు చదివేవాళ్లకు తెలిసిందే అయినా తక్కినవాళ్ల కోసం ఒక్క మాట చెప్తాను. బ్యాటరీ కరెంటు ఒకే దారిన, ఒకే తీరుగా పోతుంది. అలాంటి కరెంటు ట్రాన్స్‌ఫార్మరులో పని చెయ్యదు. దాన్ని క్షణానికి వందలసార్లు ఆపుతూ వదులుతూ ఉండాలి. ఆ పని ట్రాన్సిస్టర్లు చేస్తాయి. అప్పుడు, కొద్ది చుట్లున్న లావు తీగలోకి పంపిన పన్నెండు ఓల్టులు, ఎక్కువ చుట్లున్న సన్న తీగలోంచి మూడు నాలుగు వందలై బయటికొస్తాయి. శక్తి ఏమీ పెరగదు. ఓల్టులు పెరిగిన మేరకు కరెంటు తగ్గుతుంది.

రెండు వేల సంవత్సరం దాటిన తొలి రోజులు. ఒక మధ్యాహ్నం పొదిలి దగ్గరి ఊరి నుంచి ఒక రైతు వచ్చాడు. పెద్ద మనిషి, పెద్ద గొంతు. రాయి కోసే మోతను కూడా మించి వినపడేది.

"ఏవయ్యా, బ్యాటరీ మీద లైట్లు వెలిగిస్తారంట! పందుల్ని తరిమే మిషను చేస్తారా?"

ఓనరుగారు కుర్చీ వేశారు. ఆయన కూర్చోలేదు.

"వేరుశనగ వేశా. కాయ ఊరుతోంది. అడివి పందులు మందగా వచ్చి నాగలేసి దున్నినట్టు దున్నిపోతున్నాయి. పక్క చేలవాళ్లు పొద్దుగూకగానే కర్రకు కొక్కెం కట్టి లైను తీగకి తగిలించి, కంచెకి కరెంటు ఇస్తన్నారు. మా ఇంట్లో ఆడాళ్లు ఒద్దని గోల. మీ వల్లయితే చెయ్యండి. కాదంటే నాదీ కొక్కెమే."

పాట ఆగింది. షెడ్డులో పాట మధ్యలో ఆగడం నేను వినడం అదే మొదలు. ఆవిడ మర మీద చెయ్యి తియ్యకుండానే ఆయన వైపు తిరిగింది.

"మా అన్న పోయింది ఆ కొక్కేనికే."

ఆయన గొంతు తగ్గింది. "ఎక్కడమ్మా?"

"గుంటూరు వైపు. కూలికి పోయాడు, మిరప తోటకి నీళ్లు కట్టడానికి. పక్క చేను మొక్కజొన్న. తెల్లారాక కంచె కరెంటు తీయడం ఆసామి మర్చిపోయాడు."

"నేను మర్చిపోనమ్మా."

"ఆయనా అట్టాగే అనుకున్నాడు."

ఆయన "వారం ఆగుతా" అని వెళ్లిపోయాడు.

సర్క్యూటు నాకు అప్పటికే కళ్లముందు కనిపిస్తోంది. బ్యాటరీ నుంచి నాలుగు వందల ఓల్టులు తీసి కరెంటును పట్టి ఉంచే ఒక కండెన్సరులో నింపాలి. నిండగానే ఆ సరుకంతా ఒక్కసారిగా రెండో ట్రాన్స్‌ఫార్మరులోకి దిమ్మరించాలి. కంచె తీగలోకి వేల ఓల్టులు వెళ్తాయి, అయితే రెప్పపాటులో వందో వంతు కూడా ఉండవు. క్షణానికొక దెబ్బ. తగిలిన జంతువు అదిరిపడి పారిపోతుంది, చావదు. మనిషైనా అంతే. ఇదంతా ఆవిడకు చెప్పాను. చెంపదెబ్బ లాంటిదన్నాను.

"కంచెకి కరెంటంటే కరెంటే. నేను చుట్టను" అంది.

నేనే కూర్చున్నాను మర దగ్గర. సన్న తీగ వెంట్రుక లాంటిది. రెండుసార్లు తెగింది. మూడోసారి లెక్క తప్పింది. లెక్క తప్పకుండా ఉండాలని గట్టిగా అంకెలు చదువుతుంటే ఓనరుగారు తలుపు దగ్గర నిలబడి నవ్వు ఆపుకున్నారు. ఆవిడ మాత్రం నవ్వలేదు. ఎమర్జెన్సీ లైట్ల కాయిళ్లు చుట్టుకుంటూ ఓరకంట చూస్తోంది. నాలుగో రోజు లేచి వచ్చి నా కాయిల్ చేతిలోకి తీసుకుంది.

"ఇదేంది, కోడి గెలికినట్టుంది?"

"నీకెందుకు?"

"అతను వారం ఆగుతానన్నాడు. వారమయ్యాక కొక్కెం పెడతాడు. ఆ చేలో కూలికి వచ్చేవాళ్లకి అన్నలు, తమ్ముళ్లు ఉంటారు." కాయిల్ బల్ల మీద పెట్టింది. "లే. నేను చుడతా. ఒక్క మాట. అక్కడ తీగ ముందుగా నేను పట్టుకుంటా. నన్ను చంపకపోతే ఎవర్నీ చంపదు."

"చేసింది నేను. ముందు పట్టుకోవాల్సింది నేను" అన్నాను. అది మా ఇంటి పద్ధతి.

"మునసబుగారు పోతే ఊళ్లకు ఊళ్లు ఏడుస్తాయి. నేను పోతే మా వదిన ఒక్కతే."

ఆ రెండు కాయిళ్లూ ఆవిడ కొత్త పాటతో చుట్టింది. చాలా నిదానం పాట. అంతకుముందు ఆ షెడ్డులో విన్నది కాదు. తొందరపెడదామని ఓనరుగారు ఒకసారి నోరు తెరిచారు, నేను చెయ్యి అడ్డం పెట్టాను. సమాధుల తోటలో పాడే పాట అని చాలా కాలానికి తెలిసింది. తాళం మారింది కాబట్టి లెక్కంతా కొత్తగా కట్టుకుని ఉంటుంది. నేను మీటరు పెట్టి చూస్తే అనుకున్న ఓల్టులు అనుకున్నట్టే వచ్చాయి. ఆ మాట చెప్తే, "రాక?" అంది.

మర్నాడు పొదిలి బస్సెక్కాము. ఓనరుగారికి వేరే పని పడింది, పడిందన్నారు. బస్సు దిగాక రైతు ట్రాక్టరులో తీసుకెళ్లాడు. మిషను నా ఒళ్లో ఉంది, ఆవిడ వెనక ట్రక్కులో మట్టి తట్ట బోర్లించుకుని కూర్చుంది. చేను ఎర్ర గరప నేల, ఇసుకా గులకా కలిసింది. చుట్టూ తుమ్మ కర్రలు పాతి, తీగ కర్రకు తగలకుండా సైకిలు ట్యూబు ముక్కలు చుట్టి, నేను చెప్పినట్టే కట్టాడు. పక్క చేలవాళ్లు పదిమంది పోగయ్యారు. ట్రాక్టరు బ్యాటరీ దించి మిషనుకు కలిపాను. ఒక ఇనప కడ్డీ నేలలో దిగ్గొట్టి ఎర్తు వైరు బిగించాను. మిషను టిక్కు, టిక్కుమని మొదలెట్టింది. ఎంత హాయిగా ఉందో ఆ చప్పుడు.

ఆవిడ అడుగు వేసేలోపే నేను వెళ్లి కంచె పట్టుకున్నాను.

ఏమీ లేదు. రెండు చేతులా పట్టుకున్నాను. ఏమీ లేదు.

"గోడ గడియారం తెచ్చాడ్రా!" అన్నాడు వెనక ఎవరో.

"ఒరేయ్, పందులు దీనికి వీపు గోక్కుంటయ్యిరా!"

పదిమందీ నవ్వారు. రైతు నవ్వలేదు. నవ్వితే బాగుండేది. గట్టు మీద వేపచెట్టుకు ఆనించి ఉన్న పొడుగాటి వెదురు గడ అందుకున్నాడు. దాని కొసన ఇనప కొక్కెం అప్పటికే కట్టి ఉంది. "నీ తప్పేం లేదులే అబ్బాయ్. నేనే ఆశపడ్డా. ఎండ తగ్గాక ఇది తగిలిస్తా" అన్నాడు.

అబ్బాయ్ అన్నందుకు మామూలుగా అయితే నేను ఆ చేలో ఇంకో క్షణం ఉండను. కానీ కదల్లేదు. ఆవిడ ఆ కొక్కేన్నే చూస్తూ నిలబడింది. తర్వాత కంచె దగ్గరికి నడిచి, తీగ మీద చెయ్యి వేసింది.

"కుడతంది" అంది.

"ఏంటి?"

"చీమ కుట్టినట్టు. గట్టిగా లేదు, కానీ కుడతంది."

నాకు అప్పుడు ఆవిడ పాదాలు కనిపించాయి. చేలో దిగేముందు చెప్పులు గట్టు మీద విడిచింది, ఆ నేల మీద పుట్టినవాళ్లంతా అలాగే విడుస్తారు. పైరులోకి చెప్పులతో దిగరు. నా కాళ్లకు మాత్రం ఉదయం పాలిషు పట్టించిన బూట్లు, రబ్బరు అడుగులు. మా ఇంట్లో మగవాళ్లు పొలానికి వెళ్లినా జోళ్లు విప్పేవాళ్లు కాదు. చేలో పని చేసేవాళ్లకూ చేను గలవాళ్లకూ అదే తేడా అని మా నాయనమ్మ చెప్పేది. ఆ రబ్బరు మీద నిలబడితే వేల ఓల్టులు కూడా నన్ను ఏం చెయ్యగలవు? కంచెలోంచి మనిషిలోకి వచ్చిన దెబ్బ నేలలోకి దిగి, ఎర్తు కడ్డీ ద్వారా మిషనుకు తిరిగి చేరాలి. నా దగ్గర నేలలోకి దారే లేదు. ఆవిడ దగ్గర దారి ఉందిగానీ ఆ గరప నేల ఎండి గచ్చులా ఉంది. అందుకే చీమ.

"పెద్దాయనా, ఎండ తగ్గాకే తగిలిస్తానన్నారుగా. ఒక గొయ్యి తీయిస్తారా?" అన్నాను.

"గొయ్యా? ఎవరికి?"

నవ్వులు. అయినా పార అందించాడు. బోరు నీళ్లు పడి ఎప్పుడూ చెమ్మగా ఉండే మూల చూపించాను. ఇద్దరు మనుషులు నడుంలోతు తవ్వారు. రైతు భార్య ఇంట్లోంచి ఉప్పు మూట, పొయ్యి బొగ్గులు గంపతో తెచ్చింది. కడ్డీ నిలబెట్టి, చుట్టూ బొగ్గులూ ఉప్పూ వరసలుగా పోసి, నీళ్లు వదిలాము. కంచె పొడవునా కాలువ తిప్పి నేల తడిపాము. రైతు వెదురు గడ కింద పెట్టకుండానే ఇదంతా చూస్తూ నిలబడ్డాడు.

వైరు మళ్లీ బిగించి తల ఎత్తేసరికి ఆవిడ కంచె దగ్గర ఉంది. "ఆగు" అనబోయాను.

అరిచింది. అరిచి, వెనక్కి, వేరుశనగ మొక్కల మీద కూలబడింది. అంత పొలంలో టిక్కు టిక్కు తప్ప చప్పుడు లేదు. ఆ కాస్తసేపట్లో నాకు తెలిసివచ్చింది, ఆదివారాల వెలితి ఏమిటో.

"ఓరి నీ మిషను తగలెయ్య!" అని ఆవిడ పగలబడి నవ్వింది. కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి, నవ్వుతూనే ఉంది. "చెంపదెబ్బ అన్నావు, గుర్రం తన్నినట్టుంది! ఇప్పుడు నువ్వు. జోళ్లు విప్పి రా, మునసబుగారూ."

గట్టు మీద కూర్చుని బూట్లు విప్పాను. మేజోళ్లు విప్పి మడత పెట్టి బూట్లలో పెట్టాను. పదిమంది చూస్తున్నారు కాబట్టి వెన్ను వంచకుండా నడిచాను. తడి మట్టి వేళ్ల సందుల్లోంచి పైకి వచ్చింది. నాకు అప్పటికి ముప్పై అయిదేళ్లు దాటాయి, ఆ స్పర్శ నాకు కొత్త. కంచె పట్టుకున్నాను. మా వంశంలో మగవాళ్లెవరూ నలుగురిలో అలాంటి అరుపు అరిచి ఉండరు.

ఆ తర్వాత రైతు పట్టుకున్నాడు. ఆయన తర్వాత వాళ్ల బావమరిది. "ఏరా, మొగాడివైతే రెండు టిక్కులు పట్టుకో!" అని ఒకడు, "ముందు నువ్వు పట్టుకో, నీ మొగతనం చూద్దాం" అని ఇంకొకడు. ఊళ్లో జాతర లాగా అయింది. రైతు వెదురు గడను మోకాలికి ఆనించి విరవబోయాడు, విరగలేదు. కొక్కెం ఊడబీకి బోరు గుంతలో పడేశాడు. పంట ఎత్తాక వేరుశనగ కాయల బస్తా షెడ్డుకు పంపించాడు. దానిలో సగం ఆవిడ పాలెంలో పంచింది, తక్కిన సగం మేము ముగ్గురం పని చేసుకుంటూ ఒలుచుకు తిన్నాము.

తిరుగు బస్సులో ఆవిడ కిటికీ పక్కన కూర్చుంది, నేను ముందు సీటులో. ఒంగోలు దగ్గరపడ్డాక వెనక నుంచి అంది. "మా అన్న పోయిన చేను దగ్గర ఇట్టాంటిది ఒకటి ఉండాలి." నేను తల ఊపాను. ఆవిడ మళ్లీ ఎన్నడూ ఆ మాట ఎత్తలేదు.

తర్వాతి నాలుగైదేళ్లు నా జీవితంలో మంచి రోజులు. పొదిలి చుట్టూ మెట్ట ఊళ్లకు మా మిషన్లు వెళ్లాయి. ప్రతి ఊళ్లో అదే తంతు. గొయ్యి, బొగ్గులు, ఉప్పు, చెప్పులు విప్పడం, అరుపులు. పొద్దున షెడ్డు తలుపు తీయగానే ఆవిడ పాట, నా సోల్డరింగు పొగ, పరీక్షకు పెట్టిన మిషన్ల టిక్కులు. మూడు మిషన్లు కలిసి మోగితే ఒక్కోసారి ఆవిడ పాట తాళంలో పడేవి. అప్పుడు ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకుని, వెంటనే పనిలోకి తలలు వంచేవాళ్లం. అంతకుమించి ఏమీ జరగలేదు. ఎందుకు జరగలేదో మా ఊళ్లో పెరిగిన వాళ్లకు చెప్పనక్కర్లేదు, బయటివాళ్లకు చెప్పినా అర్థం కాదు.

తర్వాత ఎక్కడో ఫ్యాక్టరీలో చేసిన కంచె మిషన్లు, సోలారు పలకలతో సహా వచ్చాయి. చూడ్డానికి అందంగా, తక్కువ ధరకు. ఓనరుగారు షెడ్డు ఖాళీ చేశారు. ఆవిడకు అమరావతి దగ్గర ఒక క్రైస్తవ మిషను బడి టీచరుతో పెళ్లి కుదిరింది. పెళ్లికి వెళ్లాను. చర్చిలో ముందు వరసలో కుర్చీ వేశారు, నిటారుగా కూర్చున్నాను. అందరూ కలిసి పాడిన పాటల్లో ఒకటి నాకు తెలుసు, ట్యూబులైటు కాయిలుకు పై వరస. పల్లవి దగ్గర నా చెయ్యి ఒళ్లోనే గుండ్రంగా తిరుగుతుంటే ఆపుకున్నాను.

ఆ తర్వాత ఒక కాలేజీ లేబరేటరీలో పని చేసి రిటైరయ్యాను. అక్కడ అందరూ నన్ను మీరు అనేవారు. ఎంత మర్యాదో. ఈ ముసలితనంలో ఒక్కసారి ఎవరైనా "కాళ్లున్నాయిగా, వచ్చి తీసుకో" అంటే లేచి వెళ్లి తీసుకుందామని ఉంటుంది.

షెడ్డు మూసిన ఏడాదే నేను గుంటూరు వైపు, ఆవిడ అన్న పోయిన ఆ ఊరు వెతుక్కుంటూ వెళ్లాను. మొక్కజొన్న ఆసామి ఇంకా కొక్కెమే పెడుతున్నాడు.

"మిషను బాగానే ఉందయ్యా. కొనడం మాత్రం నా వల్ల కాదు" అన్నాడు.

"కొనక్కర్లేదు. పెట్టిస్తాను. కొక్కెం నా చేతికియ్యండి."

"ఊరికేనా? నీకేంటి లాభం?"

"అది మీకు అనవసరం" అన్నాను.

ఒప్పుకున్నాడు. ఆ మిషను కాయిల్ ఇంట్లో కూర్చుని నేనే చుట్టాను. పాట రాదు కాబట్టి అంకెలు చదువుకుంటూ, తెగినప్పుడల్లా విప్పి మొదలుపెడుతూ, పది రోజులు. బ్యాటరీ, కర్రలు, ఆ చేను చుట్టూ మూడు వరసల తీగ కూడా నావే. ఆవిడకు కబురు చెయ్యలేదు.

ఆ ఖర్చు కోసం మా ఇంటి వీధి తలుపులు, బర్మా టేకువి, గడపతో సహా ఊడదీయించి ఒంగోలులో పాత కలప కొనేవాడికి అమ్మాను.